దొరసాని మూతి పెట్టిన నీళ్ళు

గురవయ్య నవ్వితే ముందు భుజాలు కదిలేవి. తర్వాత పొట్ట కదిలేది. ఆఖరికి ఎప్పుడో, పక్కవాళ్ళు ఆ మాట మరిచిపోయాక, నోట్లోంచి చప్పుడు వచ్చేది. ముప్పై మూడేళ్ళు కొత్తగూడెం బొగ్గు బాయిలో పనిచేసిన మనిషి. లోపల నోరు తెరిచి నవ్వితే గొంతులోకి దుమ్ము పోతుందని అలా అలవాటైందట.

సత్తుపల్లి దాటి దమ్మపేట వైపు పోతుంటే, వరిపొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంది ఇప్పలగూడెం. అక్కడి బడికి నేనొక్కడినే పంతులును. గురవయ్య తన ఇంటి ముందుగది నాకు కిరాయికి ఇచ్చాడు. గదిలో నేనూ, నా పుస్తకాలూ. మధ్య గోడ మట్టి మెత్తిన తడిక. అటువైపు గురవయ్య, అతని భార్య వెంకమ్మ. నేను చదివే పుస్తకంలోని మనుషుల మాటలకంటే వీళ్ళ మాటలే నాకు స్పష్టంగా వినబడేవి. వినకూడదని మొదట్లో దగ్గేవాణ్ణి. తర్వాత దగ్గడం మానేశాను.

గురవయ్య బాయిలో బొగ్గు తవ్వలేదు. ఇసుక నింపాడు. బొగ్గు తీసేసిన చోట పైకప్పు కుంగకుండా, భూమ్మీది నుంచి గొట్టంలో ఇసుకా నీళ్ళూ కలిపి వదులుతారు. కింద వెదురు తడకలు అడ్డం కడతారు. ఇసుక తడక వెనక కూర్చుండిపోతుంది. నీళ్ళు మాత్రం సందుల్లోంచి కారి బయటికి వస్తాయి. ఆ తడక దగ్గర నిలబడడం గురవయ్య పని.

"నల్లగ పోయిన నీళ్ళు తెల్లగ వస్తయ్ సార్. నెత్తి మీద లైటు వెలుగుల చూడాలె. గంగమ్మ తలంటుకొని బయటికొచ్చినట్టుంటది" అనేవాడు. ముప్పై మూడేళ్ళు చూసినా ఆ ఆశ్చర్యం అతనికి తీరలేదు.

బాయి అతనికి రెండు నియమాలు నేర్పింది. ఒకటి: ఇసుక వదలకముందు ఉత్త నీళ్ళు, వదిలాక మళ్ళీ ఉత్త నీళ్ళు. గొట్టం కడగకపోతే ఇసుక పేరుకుని పగులుతుంది. అందుకని గురవయ్య ఇంటికొచ్చాక కూడా ప్రతిదాన్నీ రెండుసార్లు కడిగేవాడు. తినకముందు కంచం, తిన్నాక కంచం. ఎక్కకముందు సైకిలు, దిగాక సైకిలు. ఒకసారి పొదిగే కోడిపెట్టను కూడా కడగబోతే వెంకమ్మ చేట తీసుకుని ఇంటిచుట్టూ తరిమింది. రెండో నియమం: ఒకరి చెమ్మస్ ఇంకొకరు ముట్టకూడదు, ఇంకొకరిది తను పట్టకూడదు. చెమ్మస్ అంటే బాయిలో బొగ్గూ ఇసుకా ఎత్తే వెడల్పాటి పార. ఇంకొకరి చెమ్మస్ పట్టినవాడి మీద పైకప్పు కూలుతుందని వాళ్ళ నమ్మకం. పని దిగిపోయిననాడు గురవయ్య తన చెమ్మస్‌ను భుజాన వేసుకుని, వెంకమ్మను వెంటబెట్టుకుని, పుట్టిన ఊరికి వచ్చాడు. ఎనభై ఏడులో.

చెమ్మస్‌కు ఊరు నచ్చింది. వెంకమ్మకు నచ్చలేదు.

దానికి కారణం ఒక గుంటా, ఒక బర్రే. ఊరికి ఎగువన బసవపున్నయ్యగారి ముప్పై ఎకరాలు. ఆయన ఇరవయ్యేళ్ళ కింద కృష్ణా జిల్లా నుంచి వచ్చి, సగం వరి, సగం పత్తి వేస్తున్నాడు. ఆ పొలాల్లో మిగిలిన నీళ్ళన్నీ ఒక మురుగు కాల్వలో పడి, యూరియా నురగతో, పత్తికి కొట్టిన మందు వాసనతో, కిందికి వచ్చి మా గూడెం గుంటలో చేరేవి. ఊళ్ళో బర్రెలు ముక్కులు ఎగరేసుకుంటూనే తాగేవి. వెంకమ్మ బర్రె మాత్రం తాగేది కాదు. దాని పేరు దొరసాని. పేరు పెట్టాక అలా తయారైందో, అలా ఉంటేనే ఆ పేరు పెట్టారో తెలియదు. దానికోసం వెంకమ్మ అర మైలు దూరంలో ఉన్న బోరింగు నుంచి రోజూ ఏడు బిందెలు మోసేది.

ఎనభై ఎనిమిది వానాకాలంలో ఒకరోజు తడికకు అటువైపు నుంచి వినబడింది.

"ఏమయ్యా, కొత్తగూడెంల కుళాయి తిప్పితే నీళ్ళు. ఈడ నడుం తిప్పితే నీళ్ళు. నువ్వు పుట్టిన ఊరని తీస్కొచ్చినవు. నువ్వంటే పుట్టినవు, నేనేం పాపం జేసిన?"

"దాన్ని గుంటకే తోలరాదే."

"తోలి చూడు. అది నీ మొఖం చూసి నీళ్ళ మొఖం చూసి, రెండూ ఒక్కతీర్గ ఉన్నయని ఎనక్కొస్తది."

మంచం కిర్రుమంది. గురవయ్య భుజాలు కదులుతున్నాయని నాకు అర్థమైంది.

"నవ్వకు. చెప్తున్న ఇను. సద్దుల బతుకమ్మ నాటికి ఆ గుంట నీళ్ళు దొరసాని ముట్టాలె. ఆ మురుగుల నేను బతుకమ్మను ఎయ్య. లేకపోతే సద్దులనాడు పొద్దుగాల తొమ్మిది గంటల బస్సెక్కి మా చెల్లె కాడికి పోత. పోయినదాన్ని మళ్ళ రాను."

మంచం ఇంకా కిర్రుమంటూనే ఉంది.

"పెట్టె గూడ అటక మీది నుంచి దించిన."

మంచం ఆగిపోయింది. ఇటువైపు నేను పేజీ తిప్పడం మానేశాను.

మర్నాడు తెల్లారేసరికి గురవయ్య బసవపున్నయ్యగారి ముంగిట్లో ఉన్నాడు. పొలం చూడ్డానికి వెళ్ళే దారి కాబట్టి నేనూ వెళ్ళాను అని చెప్పుకుంటాను గానీ, నాకు పొలం లేదు.

"అయ్యగారూ, మీ పాత బాయి సిమెంటు ఒరలు రెండు పడున్నయ్ గదా. ఇయ్యరాదుండ్రి."

"ఏంటయ్యా, ఈ వయసులో బావి తవ్వుతావా?"

"లేదయ్యగారూ. మీ మురుగును కడుగుత."

బసవపున్నయ్యగారు నోట్లో చుట్ట తీసి, అది వెలుగుతోందో లేదో చూసుకున్నాడు. "మురుగు కాలువంటే మా గుడివాడ వైపు ముక్కు మూసుకుని దాటతాం. ఎత్తుకుని కడిగినవాణ్ణి ఇదే చూట్టం. పట్టుకుపోవయ్యా, ఒరలే గదా."

ఇసుక తెచ్చింది పక్క తండా బిచ్యా. అతనికి ఎడ్లబండి ఉంది, నవ్వే గుణం ఉంది. వాగులోంచి సన్న ఇసుక తోలి, దాన్ని జల్లెడ పట్టి, గురవయ్య ఆజ్ఞ ప్రకారం ఏడుసార్లు కడిగాడు. "గురవన్నా, నా పెండ్లినాడు నన్ను గూడ గిట్ల కడగలే" అన్నాడు. మురుగు ముందుగా ఒక గోతిలో పడి, అందులో మట్టీ గడ్డీ దిగిపోవాలి. అక్కడినుంచి బొంగు గొట్టంలో ఒరల్లోకి రావాలి. ఒరల అడుగున పిడికెడేసి రాళ్ళు, వాటి మీద గులకరాళ్ళు, ఆ పైన బొడ్డెత్తు ఇసుక. అడుగునున్న గొట్టంలోంచి నీళ్ళు పక్కన గోలెంలోకి, గోలెం నిండితే గుంటలోకి. పాత గుంట నీళ్ళు తోడి పారేసి, మురుగు దారి ఇటు మళ్ళించారు. గురవయ్య ఒరల పక్కన నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడితే, మళ్ళీ తడక దగ్గర డ్యూటీలో ఉన్నట్టుండేది.

బాయిలో పైవాళ్ళకూ కిందివాళ్ళకూ గంటలతో కబురు నడుస్తుంది. ఇక్కడా అదే కావాలన్నాడు. ఎక్కడినుంచో ఒక రైలు పట్టా ముక్క తెచ్చి వేపకొమ్మకు వేలాడదీశాడు. రెండు దెబ్బలు కొడితే కాల్వ కాడున్న బిచ్యా నీళ్ళు వదలాలి, ఒకటి కొడితే ఆపాలి. నా బడి గంట కూడా పట్టా ముక్కే. అదే మోత. ఎక్కాలు చెప్పిస్తుంటే రెండు దెబ్బలు వినబడ్డాయి. పిల్లలు పలకలెత్తుకుని, ఏడో ఎక్కం సగంలో వదిలేసి, గోడ దూకేశారు. బయటికి పరుగెత్తినవాళ్ళంతా నేరుగా ఒరల దగ్గరికే పోయి నిలబడ్డారు. నేను వాళ్ళను తేవడానికి వెళ్ళి, అక్కడే నిలబడ్డాను. గొట్టం కొసన మొదటి నీటిబొట్టు వేలాడుతోంది. ఎవరూ ఊపిరి తియ్యలేదు. బొట్టు పడింది. అందరం ఒక్కసారి అరిచాం. అంతమంది ఒక బొట్టు కోసం అరవడం నేను మళ్ళీ చూడలేదు.

ఆ సాయంత్రం గురవయ్య చెమ్మస్ తీసుకుని ఒరలోకి దిగాడు. పైనున్న ఇసుకంతా తిరగేసి, బురద తేలేదాకా కలిపి, కడిగి, మళ్ళీ పరిచాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కడిగి ఎక్కు, కడిగి దిగు. మూడు వారాలు ఒక్క పూట తప్పలేదు. ఇసుక వెన్నెల్లా మెరిసేది. దానిలోంచి వచ్చే నీళ్ళు మాత్రం బియ్యం కడిగిన కుడితిలా ఉండేవి. వాసన కొంచెం తగ్గింది, అంతే.

"రేపు దొరసానిని తోల్కరా" అన్నాడు ఒకరోజు. వెంకమ్మ తెచ్చింది. ఊరంతా వచ్చింది. బసవపున్నయ్యగారు ఇస్త్రీ లాల్చీ వేసుకుని వచ్చి ముందువరసలో నిలబడ్డాడు.

దొరసాని గోలెం దగ్గరికి నడిచింది. మూతి దించింది. అక్కడే ఆగింది. గురవయ్య వైపు ఒకసారి, వెంకమ్మ వైపు ఒకసారి చూసింది. తర్వాత తల పైకెత్తి, తన ఒంట్లో ఉన్న గాలంతా కూడదీసుకుని తుమ్మింది. ఆ తుమ్ము మొత్తం బసవపున్నయ్యగారి లాల్చీ మీద పడింది.

"ఇగో, మీ మురుగు మీకే తిరిగొచ్చింది అయ్యగారూ" అన్నాడు బిచ్యా.

జనం కింద కూర్చుని నవ్వారు. బసవపున్నయ్యగారు కూడా లాల్చీ దులుపుకుంటూ నవ్వాడు. నవ్వి, ఒక మాట అన్నాడు: "సరేలేవయ్యా. ఇకమీదట మందు కొట్టిన వారం గట్టు తెంపను, నీళ్ళు పొలంలోనే ఉంచుకుంటా. మిగతాది నీ ఇసక చూసుకోవాలి." అది చిన్న మాట కాదు. మందును కడిగే శక్తి ఇసుకకు అంత లేదని నేను తర్వాత చదివాను. ఆ నీళ్ళు మనుషులెవరూ తాగలేదు కూడా, తాగడానికి బోరింగే.

గురవయ్య ఒక్కడే నవ్వలేదు. సద్దులకు పద్దెనిమిది రోజులే ఉన్నాయి.

ఆ సాయంత్రం అతను కల్లుకు పోగానే, వెంకమ్మ చీర చెంగు కింద ఏదో పొడుగ్గా దాచుకుని నా గదిలోకి వచ్చింది. చెమ్మస్.

"సార్, దీన్ని నీ పుస్తకాల ఎనక పెట్టు. ఎవలడిగినా చెప్పొద్దు."

"ఎందుకమ్మా?"

"ముసలోడు దినాం తడిసి, ఆ ఇసుకను కడిగి కడిగి నడుం ఇరగ్గొట్టుకుంటున్నడు. రాత్రంత మూలుగుడే. ఇది లేకపోతే ఒరల దిగడు. ఇంకొకలది పట్టడు." గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది. "నేను గెలుస్తనని గాదు" అంది.

ఎందుకో ఆ ఆఖరి మాట నమ్మబుద్ధి కాలేదు. అయినా చెమ్మస్‌ను కింది అరలో లావుపాటి పుస్తకాల వెనక పెట్టాను. నేను మాట్లాడకపోవడం ఎవరికైనా పనికొచ్చిన సందర్భాలు నా బతుకులో తక్కువ. అందులో ఇదొకటి.

మర్నాడు గురవయ్య చెమ్మస్ కోసం గడ్డివాము తిరగేశాడు. గుంటలో పాతాళభేది కొక్కెం వేసి గాలించాడు. కోళ్ళగూట్లో తల పెట్టాడు. బసవపున్నయ్యగారు కొత్త పార పంపిస్తే దానికి దండం పెట్టి వెనక్కి పంపాడు. నా గదిలోకి వచ్చి పుస్తకాల ముందు కూర్చుని, "సార్, ఇన్ని సదివినవు, పోయిన వస్తువు ఎట్ల దొరుకుతదో ఏ పుస్తకంలనన్న ఉన్నదా?" అన్నాడు. అతని వీపుకూ చెమ్మస్‌కూ మధ్య ఒక శబ్దరత్నాకరం, దాని పక్కన ఇంకో పాత పుస్తకం మాత్రమే అడ్డం. ఉన్నదేమో వెతుకుతానన్నాను.

తర్వాత మంచమెక్కి అలిగాడు. ఒరల వైపు వెళ్ళలేదు. వేలెడు తెరిచిపెట్టిన కాల్వ తూము అలాగే ఉండిపోయింది. దొరసాని తుమ్మాక అటు పోవాలంటే అందరికీ నవ్వే, అందుకని ఎవరూ పోలేదు. పోలేదనే నేననుకున్నాను. వెంకమ్మ ఏడు బిందెలూ మోస్తూనే ఉంది.

సద్దుల బతుకమ్మ నాడు తెల్లారేసరికి అరుగు మీద రేకు పెట్టె ఉంది. తాళం వేసి ఉంది. వెంకమ్మ కొత్త చీర కట్టుకుంది. గురవయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. తంగేడు పూలూ గునుగు పూలూ చాటలో పోసి ఉన్నాయి. పేర్చలేదు. నాకు పుస్తకంలో ఒక్క అక్షరం కనబడలేదు.

"పోతున్న" అంది వెంకమ్మ.

గురవయ్య దుప్పటి నెత్తి మీదికి లాక్కున్నాడు.

"బర్రెకు కుడితి పెట్టు. ఏడు బిందెలు మరువకు" అంటూ కొట్టం వైపు పోయింది. అక్కడినుంచి కేక. "ఓ ఏందయ్యో! దొరసాని లేదు! పలుపు తెంపుకొని పోయింది!"

గురవయ్య లేచాడు. అలకలో ఉన్నా బర్రె బర్రే. ముగ్గురం వెతుకుతూ బయల్దేరాం. పొలం గట్టు లేదు, గడ్డివాము లేదు. వేపచెట్టు వైపు వచ్చేసరికి చప్పుడు వినబడింది. చప్పరించే చప్పుడు. పెద్ద నోటితో, తీరిగ్గా, ఎవరి లెక్కా లేకుండా.

దొరసాని గోలెంలో మూతి పెట్టి తాగుతోంది. గోలెం అడుగు కనబడుతోంది. ఆ పక్కన గుంటలో మోకాలెత్తు నీళ్ళు. గుంట అడుగున పడున్న గులకరాళ్ళను ఒడ్డు మీది నుంచి లెక్కపెట్టవచ్చు.

గురవయ్య మెల్లగా వెళ్ళి ఒరలోకి తొంగిచూశాడు. చూసి, నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"అయ్యో! ఇసుక మీద పాచి పట్టిందే! పచ్చగ, జిగటగ, తోలు లెక్క! నా చెమ్మస్ ఏదే?" అంటూ రెండు చేతులతోనే పీకెయ్యడానికి ఒరలోకి కాలు పెట్టాడు.

వెంకమ్మ ఒక్క దూకు దూకి అతని పంచె కొస పట్టుకుంది. "ముట్టినవంటే చూడు! దినాం కడిగితివి. అప్పుడు తుమ్మిందా లేదా?"

"తుమ్మింది."

"పద్దెనిమిది దినాలు కడగలే. ఇప్పుడు తాగుతున్నదా లేదా?"

"అవ్."

"తోడు పెట్టిన గురిగిని దినాం కదిలిస్తే పెరుగు తోడుకుంటదా? దాన్ని పండనిచ్చినవా నువ్వు? నీళ్ళకు పోంగ దినాం తొంగి చూస్తనే ఉన్న, ఆ పాచే నీళ్ళను కడుగుతున్నది. నువ్వేమో దినాం ఆ పాచిని కడుగుతున్నవు!"

గురవయ్య ఒక కాలు ఒరలో, ఒక కాలు బయట పెట్టుకుని, పంచె కొస భార్య చేతిలో ఉండగా, ఆలోచించాడు. "చెమ్మస్ నువ్వే దాచినవు" అన్నాడు.

"నేనెందుకు దాస్త? సార్ దాచిండు."

ఇద్దరూ నా వైపు చూశారు. దొరసాని కూడా చూసింది.

అదే సమయానికి రోడ్డు మీద బస్సు హారను. బిచ్యా వెంకమ్మ పెట్టెను నెత్తిన పెట్టుకుని బస్సుకు అడ్డం నిలబడ్డాడు. సంగతేమిటని కండక్టరు దిగాడు. బర్రె నీళ్ళు తాగిందని ఎవరో చెప్పారు. "బర్రె నీళ్ళు తాగితే బస్సు ఆపుతరా?" అన్నాడు కండక్టరు. అంటూనే చూడ్డానికి వచ్చాడు. అతని వెనక డ్రైవరు, డ్రైవరు వెనక సీట్లన్నీ. పండక్కి పోయే ఆడవాళ్ళు పిల్లలను చంకనేసుకుని గుంటచుట్టూ నిలబడ్డారు. బసవపున్నయ్యగారు పరుగున వచ్చాడు, ఈసారి బనీనుతో. దొరసాని తుమ్ముతుందేమోనని దూరంగానే ఆగాడు. అది తుమ్మలేదు. త్రేన్చింది.

"అమ్మా, ఎక్కుతవా ఎక్కవా? లేటైతున్నది" అన్నాడు కండక్టరు.

వెంకమ్మ గుంటను చూసింది. పెట్టెను చూసింది. గురవయ్యను చూడలేదు. "నువ్వు పో బిడ్డా. కొత్తగూడెం బస్టాండు ఎనక మా చెల్లె పూలంగడి ఉన్నది. దాన్నే ఈడికి అక్క రమ్మన్నదని చెప్పు. నీళ్ళు మంచిగున్నయని చెప్పు."

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ ఒరలు అలాగే నడిచాయి. ధార సన్నబడినప్పుడు మాత్రం, రెండు మూడు నెలలకోసారి, గురవయ్య పైపైన వేలెడు మందం గీకేవాడు. పక్కన వెంకమ్మ నిలబడి "చాలు, చాలు, ఇంక ముట్టకు" అనేది. మరికొన్నాళ్ళకు, ఊళ్ళ నీళ్ళ పనుల మీద ఒక పాత పుస్తకం నా అరలోనే దొరికింది. ఇసుక మీద పెరిగే ఆ జిగట పొరే అసలు పని చేస్తుందని, అది ముదరడానికి రెండు మూడు వారాలు కదపకూడదని, చక్కగా రాసి ఉంది. దాని పేజీల అంచులు అప్పటిదాకా ఎవరూ కత్తిరించి తెరవలేదు. చెమ్మస్‌ను దాచింది సరిగ్గా ఆ పుస్తకం వెనకే.

సద్దులనాటి ఆ సాయంత్రం గుంట ఒడ్డున ఊరి ఆడవాళ్ళందరూ ఆడారు. వెంకమ్మ తంగేడూ గునుగూ గుమ్మడి ఆకు మీద నడుమెత్తు పేర్చింది. చీకటి పడకముందే నీళ్ళలో దిగి, బతుకమ్మను మెల్లగా వదిలింది. అది తేలుతూ నాలుగడుగులు పోయింది. అందరూ చేతులు జోడించారు. అటు ఒడ్డు నుంచి దొరసాని నీళ్ళలోకి దిగింది. నడిచి వచ్చింది. గుమ్మడి ఆకు కొస పట్టుకుంది. ఒక్క లాగు లాగింది.

"నీ మొఖం మండ! అమ్మోరినే తింటవా!" అని వెంకమ్మ తడిచీరతో దానివెంట పడింది. పడబోయి బర్రె మెడ పట్టుకుంది. ఆడవాళ్ళు పాట ఆపి ఒకరిమీద ఒకరు పడి నవ్వుతున్నారు. పక్కన గురవయ్య ఉన్నాడు. నేను అతని భుజాల వైపు చూశాను. అవి కదల్లేదు. పొట్టా కదల్లేదు. నోరంతా తెరుచుకుని, ముందు చప్పుడే వచ్చింది. గుంట అవతల బర్రెలు తలెత్తేంత చప్పుడు.

నీళ్ళ మధ్యలో నిలబడి, చేతిలో సగం గుమ్మడి ఆకుతో, వెంకమ్మ అతని వైపు తిరిగింది.

"నవ్వు నవ్వు" అంది. "ఈడ దుమ్మేం లేదు."